చిట్టి తిన్న చామంతి రంగు

మా చిన్నప్పుడు ఇంటి గోడకు చిట్టి నాలుక తగలని చోటు లేదు... మిర్యాలగూడలో రైస్ మిల్లుల వెనక వీధిలో మా రెండు గదుల ఇల్లు. గోడలకు సున్నం, అందులో కాస్త నీలిమందు. చిట్టి అంటే మా చెల్లెలు. అప్పటికి మూడేళ్లుంటాయేమో. అమ్మ అటు తిరిగిందంటే చాలు, గోడను గోటితో గీకి వేలు నాకేది. పెదాలు ఎప్పుడూ తెల్లగానే ఉండేవి.

మీలో చాలామందికి ఇది తెలిసిన సంగతే... బలపాలు నమిలినవాళ్లు, మట్టిబెడ్డలు దాచుకున్నవాళ్లు మనలో లేరా ఏంటి!

మాటలు మాత్రం చిట్టివే మాటలు. వీధిలో ఎవరు కనపడినా ఆపి, "యాడికి పోతున్నవ్? మళ్ల ఎప్పుడొస్తవ్?" అని ఆరా తీసేది. మా నానమ్మ దానికి పోలీసు పటేలని పేరు పెట్టింది.

అమ్మ తిట్టి చూసింది, కొట్టి చూసింది. వేపాకు నూరి వేళ్లకు పూసింది. చిట్టి ఆ వేపాకునూ నాకేసి మళ్లీ గోడ దగ్గరికే పోయేది.

ఆ ఏడు బాబాయి పెళ్లికని ఇంటికి సున్నం వేయిద్దామన్నాడు నాన్న. అమ్మ అడ్డం పడింది.

"సున్నం వద్దయ్యా. ఆయిల్ పెయింట్ ఏపిద్దాం. గోడ నున్నగైతది, గోరు దిగది. పిల్ల సున్నం తినుడు బంద్ అయితది."

నాన్న మిల్లు లారీ డ్రైవర్. మమ్మల్ని ఆ లారీలోనే కోదాడ తీసుకెళ్లాడు. షాపాయన ముందు పేరున్న కంపెనీ డబ్బాలు చూపించాడు. అమ్మకు ఆ రంగులన్నీ వెలిసిపోయినట్టు అనిపించాయి. అప్పుడు ఆయన నెమలి బొమ్మ ఉన్న ఒక డబ్బా మూత తీశాడు... లోపల చామంతి పువ్వు రంగు, కళ్లు చెదిరేలా.

"ఇది వేయించుకోండమ్మా, పదేళ్లయినా మెరుస్తానే ఉంటదండీ" అన్నాడు.

అమ్మ ఇంకో డబ్బా వైపు చూడలేదు. తనకంటూ తను ఏరుకున్నది ఏదైనా ఉంటే ఆ రంగొక్కటే అని తర్వాత చాలాసార్లు చెప్పింది.

పెళ్లికి వచ్చినవాళ్లంతా గోడలు తడిమి తడిమి చూశారు. చిట్టి పెదాల మీద తెలుపు పోయింది. అమ్మ మురిసిపోయింది.

తర్వాత వానాకాలం వచ్చింది... పాత సున్నం గీకకుండా దాని మీదే వేసిన రంగు చెమ్మకు ఉబ్బి పెచ్చులు లేచింది. మంచం వెనక గోడ మరీను. అది ఎవరికీ కనపడేది కాదు. అక్కడికి దూరగలిగింది చిట్టి ఒక్కతే.

ఒకనాడు నానమ్మ దాన్ని పట్టుకుంది. "ఏందే నోట్ల?"

"తియ్యగుంది నానమ్మా..." అంది చిట్టి పెదాలు నాక్కుంటూ.

నానమ్మ ఒకటే నవ్వు. "ఓ కోడలా, నీ బిడ్డకు బెల్లం డబ్బా అందుతున్నది, జర మీద పెట్టు!" అని కేకేసింది. అమ్మ బెల్లం డబ్బాను అటక మీద పెట్టింది.

కడుపునొప్పి మొదలైంది. నులిపురుగులన్నారు, దిష్టి అన్నారు. ఎర్రనీళ్లు తిప్పి పోశారు, తాయెత్తు కట్టారు. అన్నం మానేసింది. అన్నిటికంటే నన్ను ఎక్కువ భయపెట్టింది ఇంకోటి... అరుగు మీద కూర్చుని, వీధిలో మనుషులు పోతుంటే ఊరికే చూస్తుండేది. ఎవరినీ ఏమీ అడిగేది కాదు. ఒక మధ్యాహ్నం ఫిట్స్ వచ్చాయి.

మట్టి ఏమైనా తింటుందా అని దవాఖానలో డాక్టర్ అడిగాడు.

"లేదు సార్. మునుపు సున్నం తినేది. రంగు ఏపించినంక మానేసింది" అంది అమ్మ. అబద్ధం కాదు, తను నమ్మిందే చెప్పింది.

ఇంటికొచ్చాక పరుపు ఎండలో వేద్దామని మంచం జరిపారు. గోడకు చిట్టి చెయ్యి అందినంత మేర చామంతి రంగు లేదు. "మళ్ల మొదలుపెట్టినవా?" అని అమ్మ దానికి ఒకటి వేసి, మిగిలిన పెచ్చులు చీపురుతో రాల్చి ఊడ్చేసింది. రంగే కదా అనుకున్నారు అందరూ.

చిట్టికి ఇప్పుడు ముప్పై దాటాయి. నాలుగైదు మాటలు తప్ప రావు.

పోయిన నెల సూర్యాపేటలో మా కొత్త ఇంటికి రంగులు చూడటానికి వెళ్లాం. అమ్మ వచ్చింది, అమ్మ కొంగు పట్టుకుని చిట్టీ వచ్చింది. మా ఆయన క్రీమా, లేత ఆకుపచ్చా అని కంప్యూటర్లో గదుల రంగులు మార్చి మార్చి చూస్తున్నారు. నేను ఊరికే ఒక డబ్బా తిప్పి చూశాను. లెడ్, అంటే సీసం, కలపలేదని ఇంగ్లీషులో చిన్న అక్షరాలు. ఇదెందుకు రాశారా అని ఫోన్లో వెతికాను.

పాత రంగుల్లో సీసం ఉండేదట. మెరిసే పసుపు రంగుల్లో మరీనట. ఆ పెచ్చులు తియ్యగా ఉంటాయట, తిన్న పిల్లలకు విషమట... కడుపునొప్పి, ఫిట్స్, వచ్చిన మాటలు పోవడం, అన్నీ వరసగా రాసి ఉన్నాయి.

ఒంట్లో సీసం ఉందేమోనని చిట్టికి రక్తపరీక్ష ఎవరూ చేయలేదు. అదే కారణమని నేను ఒట్టేసి చెప్పలేను. కాదని కూడా చెప్పలేను.

"ఏం రాసుందే దాని మీద? గంత సేపు సదువుతున్నవ్?" అంది అమ్మ.

"ఏం లేదమ్మా... రేటు."

"పేరు సూసి కొనకు బిడ్డా, రంగు సూడు. నేను కోదాడల తెచ్చిన రంగు యాదికున్నదా? ఊరంత వచ్చి సూసి పోయిండ్రు" అంటూ చిట్టి మూతిని కొంగుతో తుడిచింది.

వాసన పడటం లేదని చెప్పి బయటికొచ్చి, మెట్ల మీద కూర్చుని ఏడ్చాను.

ఇప్పుడు డబ్బా మీద అన్నీ రాస్తున్నారు, చదవడానికి మనమున్నాం. ఆ రోజుల్లో మూత తీసి రంగు చూపించేవాళ్లు, అంతే... మీ ఇంట్లో పాత రంగు గీకిస్తుంటే పిల్లల్ని ఆ చుట్టుపక్కలకు రానివ్వకండి. గోడ నాకిన పిల్లలు మీ ఇళ్లలోనూ ఉండే ఉంటారు. వాళ్లిప్పుడు ఎలా ఉన్నారో కింద రాయండి, నాకు తెలుసుకోవాలనుంది.

మా అమ్మకు ఫోన్లో ఫోటోలు చూడటమే వచ్చు, ఇది చదవదు. మా వీధి వాళ్లెవరైనా చదివితే మాత్రం ఆమెతో అనకండి. దేవుడు చిట్టి నుదుట అలా రాశాడని ఆమె ఇన్నేళ్లుగా ఆయన్నే తిట్టుకుంటోంది... ఆ నేరం ఆయన మీదే ఉండనీయండి.