గునుగుకు కాపలా

బంట్వారం చుట్టుపక్కల కలుపు తీయడంలో నన్ను మించినవాడు లేడని నా అభిప్రాయం. ఈ అభిప్రాయం ఇంకెవరికీ లేదు, అది వేరే సంగతి. నా పేరు నర్సప్ప. గొర్రెలు అమ్మేసి ఎకరన్నర చేలో దిగిన ఈ పదేళ్లలో నా గట్టు మీద గడ్డిపోచను కూడా బతకనివ్వలేదు.

నున్నటి గట్లు చూసుకుని మురిసిపోతుంటే పోయినేడు గుమ్మడి నా పరువు తీసింది. తీగల నిండా పూత, పిందె మాత్రం లేదు. వచ్చిన రెండు మూడూ పచ్చబడి రాలిపోయాయి. నా భార్య బీరమ్మ అంతకుముందు తాండూరులో నాపరాళ్ల పాలిష్ పనికి పోయేది. ఆ దుమ్ముకు దగ్గు పట్టుకుని మానేసింది.

"వచ్చే ఏడు గూడ గుమ్మడి కాయకుంటే దసరా అయినంక మళ్ల బండల పనికే పోత" అంది. ఆమె ఊరికే అనే మనిషి కాదు. నాకు భయం పట్టుకుంది.

వికారాబాద్‌లో డిగ్రీ చదివే మా బిడ్డ జ్యోతి ఫోన్‌లో నన్ను కడిగేసింది.

"పుప్పొడి మోసేటియి తేనెటీగలు నాయినా. నీ చేన్ల వాటికి ఒక్క పూవన్న ఉంచినవా? గట్టు మీద గునుగు, తుమ్మి పెంచు."

కలుపు మొక్కలు పెంచమని నాకు చెప్పడమా! రెండు రోజులు అన్నం సయించలేదు. మూడో రోజు గింజలకు వెతికితే నా చేలో ఒక్క మొక్కా లేదు. పక్క చేను అంజిలయ్యది. అతని గునుగు నా చేలోకి వస్తోందని పదేళ్లుగా నేను తిట్టని తిట్టు లేదు. ఇప్పుడు అతని దగ్గరికే సంచి పట్టుకుని పోయాను. అంజిలయ్య పావుగంట నవ్వి, ఎండిన కంకులు దులిపిచ్చాడు.

"తిట్టనీకె వచ్చినవనుకున్న నర్సప్పా. తీస్కపో, సాలకుంటే ఇంకో సంచి ఇస్త."

తొలకరికి చల్లాను. మొలకలు వచ్చిన వారం జ్యోతి ఫోన్ చేసింది.

"మొలిచినయా నాయినా?"

"మస్తు మొలిచినయ్ బిడ్డా" అని గట్టు మీద కూర్చుని గొప్పలు పోయాను. ఫోన్ పెట్టేసి చూస్తే ఎడమ చేతి నిండా గునుగు మొలకలు! మాట్లాడుతున్నంతసేపూ చెయ్యి దాని పని అది చేసుకుపోయింది. మిగిలిన గింజలు మళ్లీ చల్లాం. అప్పటి నుంచి చేతులు వెనక్కి కట్టుకుంటేనే బీరమ్మ నన్ను గట్టు ఎక్కనిచ్చేది.

వానలు తగ్గేసరికి గునుగు తెల్లగా, గులాబీగా విచ్చుకుంది. పొద్దున్నే తేనెటీగలు దాని మీద వాలి, అటు నుంచి గుమ్మడి పూలలో దూరేవి. పిందెలు నిలబడ్డాయి. ఇంకో పదిహేను రోజులు అవి ఇలాగే తిరిగితే మిగతా పూత కూడా నిలుస్తుందని ఆశపడ్డాను.

అంతలో బతుకమ్మ వచ్చింది. బతుకమ్మను పేర్చేది గునుగు పూలతోనే కాబట్టి, అది ఎవరి చేలో ఉన్నా అడగకుండా తెంపుకోవడం మా దగ్గర మామూలే. ఇన్నేళ్లూ అంజిలయ్య చేలో తెంపేవాళ్లను "మొదలంట పీక్కపోండ్రి" అని బతిమాలినవాణ్ని, ఈసారి కర్ర పట్టుకుని గట్టుకు అడ్డంగా నిలబడ్డాను. ఆడవాళ్లు పడీ పడీ నవ్వారు.

"కలుపుకు కాపలా ఉన్నడు, సూడుండ్రి!"

వాళ్ల వెనకే బీరమ్మ, చేతిలో గంపతో.

"కర్ర పక్కన వెట్టు" అంది.

"నీ కోసమే కదనే! కాయ నిలవకుంటే మళ్ల గా దుమ్ములకే పోతవు గదా?"

"నిలిచినకాడికి సాలు. పాలిష్ మేస్త్రికి పొద్దుగాలనే ఫోన్ జేసి చెప్పిన, ఇగ రానని."

నాకు ఏడుపొచ్చింది. అంతమంది ముందు ఏం చేయాలో తోచక, "గింత సిన్న గంపలు తెచ్చిండ్రేంది?" అని అందరినీ కోప్పడ్డాను.