దేవుని పుంజు

మా అమ్మకు కూలి పైసల్లోనే కాదు, కోడిపిల్లల్లో కూడా దశమభాగం దేవునిదే. పోయినేడు ఎల్లారెడ్డిలో మా కోడి పది పిల్లల్ని చేస్తే, ఒకదాని కాలికి ఎర్ర గుడ్డపీలిక కట్టి, అది దేవునిదంది. గద్దా కుక్కా కలిసి మా వంతు తొమ్మిదింటినీ ఎత్తుకుపోయాయి. దేవునిది మాత్రం బలిసి, పుంజై, గోడెక్కి కూసింది.

కామారెడ్డిలో నౌకరీ చేస్తూ హోటల్ కూడుతో విసిగి, ఆదివారం పొద్దున్నే బస్సెక్కి వచ్చిన నాకు దాన్ని చూస్తే ఒళ్లు మండింది.

"మనకు ఒక్కటి గూడ మిగల్లేదు గదనే. గిదన్న కొయ్యి," అన్నాను.

"దేవుని సొమ్ము ముట్టద్దు," అంది అమ్మ.

ఆరాధన అయ్యాక పాస్టరుగారిని చర్చి మెట్ల మీదే ఆపాను. "అయ్యగారూ, దశమభాగం ఇచ్చి తీరాల్నని మన క్రైస్తవులకు ఉన్నదా?"

"అది పాత ధర్మశాస్త్రం బాబూ. ఇప్పుడు బలవంతం లేదు. మనసులో అనుకున్నంత సంతోషంగా ఇస్తే చాలు," అన్నారాయన.

కేసు గెలిచినట్టు అమ్మ వైపు చూశాను. ఆమె కొంగు సర్దుకుని ఇంటిదారి పట్టింది. కంచంలో అన్నం పెట్టి, పచ్చిపులుసు పోస్తూ అడిగింది: "నీకు వండిపెట్టుమని మాత్రం యాడ రాసున్నది బిడ్డా? నాకు సంతోషమైతది, పెడుతున్న."

తల దించుకుని తిన్నాను. దేవుని పుంజు నా పక్కనే తిరుగుతూ, కింద పడిన మెతుకులు ఏరుకుంది.