వీరాచారి గారి కంప్యూటర్‌లో గడియారం

2023, పెళ్లిళ్ల సీజన్. మచిలీపట్నంలో నాది కంప్యూటర్ సర్వీస్ షాపు. నా చేతిలో స్క్రూడ్రైవర్ చూసి "మీవారు లేరామ్మా?" అని అడిగేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఆయన గుడివాడలో లెక్కల మాస్టారనీ, స్క్రూ బిగించడం ఆయనకు రాదనీ చెబుతుంటాను.

వీరాచారి గారు చిలకలపూడిలో రోల్డ్ గోల్డ్ నగలకు అచ్చులు చేస్తారు. ఆయన చెక్కుడు మిషన్‌ను నడిపేది ఒక పాత విండోస్ కంప్యూటర్. అందులోని సాఫ్ట్‌వేర్ చేసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది. మళ్లీ ఎక్కించుకుందామంటే సీడీ కూడా లేదు. ఇంజినీరింగ్ చదివే కూతురు లలితకేమో ప్రాజెక్టుకు విండోస్ కాదు, లినక్స్ అనే ఇంకో ఆపరేటింగ్ సిస్టమ్ కావాలి. ఇంట్లో ఉన్నది ఆ ఒక్క కంప్యూటరే. ఉన్నదంతా చెరిపేసి ఫార్మాట్ చెయ్యక తప్పదని ఇంకెవరో బెదరగొట్టారట.

నేను డ్యూయల్ బూట్ చేస్తానన్నాను. అంటే ఒకే కంప్యూటర్‌లో రెండు ఆపరేటింగ్ సిస్టమ్‌లు ఉంటాయి. ఆన్ చెయ్యగానే ఏది కావాలో ఎంచుకోవచ్చు. ముందు హార్డ్ డిస్క్ మొత్తానికి బ్యాకప్ తీసుకుని, ఆ తర్వాతే దాని జోలికి వెళ్లాను. సాయంత్రానికి రెండూ చక్కగా తెరుచుకున్నాయి. లలిత సంబరం ఇంతా అంతా కాదు.

మర్నాడు మధ్యాహ్నం వీరాచారి గారి ఫోన్.

"కొంప ముంచావు కదమ్మా! సాఫ్ట్‌వేర్ తెరుచుకోవట్లేదు. లైసెన్స్ చెల్లదంటోంది!"

స్కూటీ మీద పరుగెత్తాను. కాసులపేరు అచ్చు ఆ సాయంత్రానికే ఇస్తానని ఆయన మాటిచ్చారు. పనివాళ్లు ఖాళీగా కూర్చున్నారు. లలిత ఏడుపు ఆపుకుంటూ గుమ్మంలో నిలబడి ఉంది.

"ఆ రెండోది తీసెయ్యమ్మా. మాకొద్దు ఈ బాధ," అన్నారాయన.

"తియ్యడం ఎంతసేపు బాబాయ్ గారూ? ముందు ఎందుకు ఆగిందో చూడనివ్వండి."

"పొద్దున బానే చేసిందమ్మా. అన్నం తిని వచ్చేసరికి ఇదీ వరస. టైము కూడా చెడిపోయింది. రెండైతే ఎనిమిదిన్నర చూపిస్తోంది!"

ఆ మాట వినగానే నాకు ప్రాణం లేచొచ్చింది. ఐదున్నర గంటల తేడా! లలితను అడిగాను, "మధ్యాహ్నం లినక్స్‌లో నెట్ పెట్టావా?"

"ఫోన్ నుంచి పెట్టానక్కా. తప్పా?"

తప్పేం కాదు. మదర్‌బోర్డు మీద ఒక గడియారం ఉంటుంది. అందులో ఉన్నది మన టైమని విండోస్ అనుకుంటుంది. లినక్స్ మాత్రం నెట్‌లో టైము చూసుకుని అందులో గ్రీనిచ్ టైము రాస్తుంది. అది మనకంటే ఐదున్నర గంటలు వెనక. పొద్దున పదకొండుకు పని చేసిన సాఫ్ట్‌వేర్‌కు మధ్యాహ్నం ఎనిమిదిన్నర కనిపిస్తే, లైసెన్స్ గడువు పెంచుకోడానికి ఎవరో గడియారం వెనక్కి తిప్పి మోసం చేస్తున్నారనుకుని తలుపులు మూసేసింది. నేను నెట్ లేకుండానే సరిచూశాను కాబట్టి నాకిది ముందు కనబడలేదు.

లినక్స్‌లో ఒక్క కమాండ్ కొట్టి, మన టైమే రాయమన్నాను. విండోస్‌లో గడియారం సరిచేశాను. నెట్ పెట్టి, మార్చి మార్చి రెండూ తెరిచి చూశాను. సాఫ్ట్‌వేర్ తెరుచుకుంది. మిషన్ ఇత్తడి మీద గీత గీసింది. లలిత వచ్చి నన్ను వాటేసుకుంది. గర్వంగా అనిపించిందా అంటే, ఎందుకు అనిపించదూ!

కస్టమర్ "తీసెయ్" అన్నంత మాత్రాన తీసెయ్యకూడదని ఆ రోజు నేర్చుకున్నాను. చెడిందేమిటో చెప్పేది యంత్రం ఒక్కటే కాదు, విసుక్కుంటున్న మనిషి కూడా చెబుతాడు.

తర్వాత వీరాచారి గారు ఇంకో అచ్చుల ఆయన్ని వెంటబెట్టుకుని షాపుకొచ్చారు. ఆ వచ్చినాయన లోపలికి తొంగిచూసి "మీవారు లేరామ్మా?" అన్నారు. నేను నోరు తెరిచేలోపే వీరాచారి గారు అందుకున్నారు.

"ఆయనతో మనకేం పనయ్యా? మా అమ్మాయి చదువు నిలబెట్టింది ఈవిడే!"