మేస్త్రీ లేని షెడ్డు

ఆదోనిలో జిన్నింగు మిల్లుల వెనక ఉండేది మా షెడ్డు. చేలో మిగిలిపోయిన పత్తికట్టెను ముక్కలు చేసే యంత్రం తయారుచేసేవాళ్లం. డిప్లొమా చదివిన నేను డ్రాయింగులు గీసేదాన్ని. నాతోపాటు ఒక వెల్డరు, ఎమ్మిగనూరు నుంచి రోజూ బస్సులో వచ్చే ఫిట్టరు, ఒక ఎలక్ట్రీషియను. మా నలుగురి మీద ఒక మేస్త్రీ.

ఒక పొద్దున యజమాని వచ్చి, "ఇంగ మీకు మేస్త్రీ లేడు. మీరే టీం. పని పంచుకునేది మీరే, అయిపోయిందని సెప్పేదీ మీరే" అన్నాడు. మేస్త్రీ క్యారియరు తీసుకుని వెళ్లిపోయాడు. ఆ రోజు టీ తాగుతూ మేం చాలా నవ్వుకున్నాం.

గోడకు బోర్డు పెట్టుకున్నాం. ఒక్కో పనికి ఒక్కో చీటీ. పని అయిపోతే చీటీ కుడివైపుకు పోతుంది. తేడా వస్తే చేతులెత్తి తేల్చుకునేవాళ్లం. యజమాని ట్రయల్‌కు రోజు ఖాయం చేశాక షెడ్డులో మాటలు తగ్గాయి. మేస్త్రీ ఉన్నప్పుడు ఒక్కడి కంటబడకుండా ఉంటే చాలు. ఇప్పుడు ఎటు తిరిగినా ఎవరో ఒకరు నన్ను చూస్తున్నారు. నేనూ వాళ్లను చూస్తున్నాను.

కట్టెలు తోసే చోట, చెయ్యి తగిలితే చాలు ఇంజను ఆగిపోయే స్విచ్చి ఒకటి గీశాను. ఒక రోజు దాని చీటీ కుడివైపున కనిపించింది. పోయి చూస్తే స్విచ్చి ఉంది, తీగలు లేవు.

"ఎవరు జరిపినారు దీన్ని?"

"టీం జరిపిందనుకో అక్కా. ట్రయల్ అయినాంక తీగలు కలుపుదాంలే" అన్నాడు ఫిట్టరు.

వద్దన్నాను. చేతులెత్తమన్నారు. మూడు చేతులు లేచాయి, వెల్డరుది ఆఖరున.

పెద్దకడుబూరు దగ్గర ఒక చేలో ట్రయల్. రైతులు చుట్టూ మూగారు. కట్టెలు తోస్తున్న వెల్డరు మెడలోని తువ్వాలు కొస వాటితోపాటే లోపలికి పోయింది. ఇంజను మోతలో అరుపేమీ వినపడలేదు. ఆయన తల మాత్రం కిందికి, ఇంకా కిందికి వంగుతోంది. అవతలి పక్కకు పరుగెత్తి లివరు లాగాను. ఇంజను ఆగింది. ఒక రైతు కొడవలితో తువ్వాలు కోశాడు. ప్రాణం దక్కింది. మెడ చుట్టూ తోలు లేచిపోయింది, గొంతు పెగల్లేదు.

"ఎట్లయింది?" అన్నాడు యజమాని. మమ్మల్ని ఒక్కొక్కరినే చూసి, "మీరే తేల్చుకోని సెప్పండప్పా" అని కారెక్కాడు.

మెడకు కట్టుతో వెల్డరు పనికి వచ్చిన రోజున బోర్డు ముందు నిలబడ్డాం.

"తువ్వాలేసుకోని మిషను కాడికి పోయిందెవరు? తప్పు ఈ అన్నదే" అన్నాడు ఫిట్టరు, చెయ్యెత్తి. ఎలక్ట్రీషియనూ ఎత్తాడు. నేను నోరు తెరిచేలోగా మూడో చెయ్యి మెల్లగా లేచింది. అది వెల్డరుదే.

"చెయ్యి దించన్నా!" అన్నాను.

ఆయన దించలేదు. "అందరితో పాటేమ్మా" అన్నాడు గుసగుసగా.

ఎలక్ట్రీషియను స్విచ్చికి తీగలు కలిపేదాకా ఆ పూట నేను అక్కణ్ణుంచి కదల్లేదు. వెల్డరు మళ్లీ రాలేదు. కోడుమూరులో గేట్లు చేసే అంగడి పెట్టుకున్నాడు. వానలు పడకముందే నేనూ మానేశాను. యంత్రాలు బాగానే అమ్ముడుపోతున్నాయంట. అప్పుడప్పుడూ ఆయనకు ఫోను చేస్తాను. రెండు మాటలకే గొంతు పోతుంది. మిగతాది ఆయన భార్య చెబుతుంది.