చాచా తయారుచేసిన డిఫెండర్

పోయిన శుక్రవారం పొద్దున నస్రీన్ ఫోన్ చేసింది. "అక్కా, అబ్బా పోయిండు. నాష్తా తిని జరసేపు పంటనని పండుకున్నడు, మళ్ల లేవలే" అంది. చివర్లో ఇంకో మాట అంది: "బొగ్గుబాయిల అబ్బా పని గురించి చెప్పేటోళ్లు మస్తు మంది ఉన్నరు. ఆ ఆట సంగతి నీకే తెలుసు. నువ్వు రాయి." అందుకని రాస్తున్నాను.

గోదావరిఖనిలో మా క్వార్టరూ వాళ్ల క్వార్టరూ ఒకే గోడకు అటూ ఇటూ. ఆయన నస్రీన్‌కు అబ్బా, మా క్వార్టర్ల లైనుకంతటికీ చాచా. బొగ్గుబావిలో టింబర్‌మన్. అంటే భూమి లోపల బొగ్గు తవ్విన చోట పైకప్పు కూలకుండా కర్ర గుంజలు నిలబెట్టే మనిషి. మనిషి పొట్టి, గొంతు మాత్రం లైను చివరిదాకా వినిపించేది. చాయ్ సాసర్లో పోసుకుని తాగేవాడు. ఎవరింటికి వెళ్లినా కూర్చునేముందు తల పైకెత్తి ఇంటికప్పు ఒకసారి చూసేవాడు. మా అమ్మకు ఆ చూపు నచ్చేది కాదు. బూజు దులపలేదని చూస్తున్నాడనుకునేది.

తొంభైల మధ్యలో ఒక వేసవికి ముందు బావిలో కప్పు కూలి ఆయన కాలు విరిగింది. మూడు నెలలకు ఎముక అతుక్కుంది. దవాఖానలో డాక్టరు డ్యూటీకి పోవచ్చని రాసిచ్చాడు. చాచా పోలేదు. కాలు ఇంకా గుంజుతోందని సిక్ లీవు పొడిగించుకుంటూ పోయాడు. గ్యాంగు వాళ్లు వచ్చి, చాయ్ తాగి, "ఎప్పుడొస్తవు చాచా?" అని అడిగి వెళ్లేవారు. ఇరవై ఏళ్లు చేసిన పని, ఆయనకు వేరే పని రాదు, వేరే పని మీద మనసూ లేదు. ఆయన మళ్లీ బావిలోకి దిగుతాడా లేదా అన్నదే ఆ వేసవంతా రెండిళ్ల ఫికర్. భయపడ్డాడని అందరం అనుకున్నాం. ఆయన ముందు ఎవరమూ అనలేదు.

నేనప్పుడు డిగ్రీ అయిపోయి, ఉద్యోగం రాక, కనిపించినవాళ్లందరి మీదా చిరాకు పడుతూ ఉండేదాన్ని. మా పెదనాన్న కొడుకు హైదరాబాదులో ఫుట్‌పాత్ మీద కొన్న అట్టలేని ఇంగ్లీషు పుస్తకం ఒకటి తెచ్చి నా మీద పడేశాడు. అదొక ఆట పుస్తకం. పటం ఉండదు, పావులుండవు. ఒకరు కథ నడుపుతారు: ఎదురుగా గుహ ఉంది, లోపల రాతి భూతం ఉంది, ఏం చేస్తారు? మిగతావాళ్లు తలా ఒక వేషం కట్టి, ఏం చేస్తారో నోటితో చెబుతారు. చేసింది పారుతుందో లేదో పాచిక తేలుస్తుంది. ఇరవై ముఖాల పాచిక కావాలని పుస్తకంలో ఉంది. గోదావరిఖనిలో అది ఎక్కడ దొరుకుతుంది? ఒకటి నుంచి ఇరవై దాకా చీటీలు రాసి స్టీలు టిఫిను డబ్బాలో వేశాం. ఆదివారం మధ్యాహ్నాలు చాచా వాళ్ల వరండాలో ఆట. కథ నడిపేది నేను. నస్రీన్ మంత్రగత్తె. మా తమ్ముడు డిఫెండర్, అంటే ముందు నిలబడి మిగతావాళ్లను కాపాడేవాడు.

మూడు ఆదివారాలూ ఒకే కథ. మా తమ్ముడు గుణాలకు పంచుకోమని ఇచ్చిన ముప్ఫై పాయింట్లలో ఇరవై రెండు కవచానికే పెట్టాడు. ఏ దెబ్బా తగలదని వాడి ధీమా. నిజంగానే తగలలేదు. రాతి భూతం వాడిని చుట్టి వెళ్లి నస్రీన్‌ను చంపేది. కవచం బరువుతో వాడు వెనక్కి తిరిగేసరికి ఆమె పని అయిపోయేది. మూడోసారి నస్రీన్ కాగితం చింపి, "నేనిగ ఆడ. మీరు మీరే ఆడుకోండ్రి" అని లేచింది.

అప్పటిదాకా ముందుగదిలో మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్న చాచా లేచి కూర్చున్నాడు. "ఆ భూతానికి నీతోని ఏం పని పడ్డదిరా?" అని మా తమ్ముణ్ని అడిగాడు. "పక్కపొంటి దారి ఉండంగ నిన్నెందుకు కొడతది? నువ్వు డిఫెండర్‌వా, ఇనుప బీరువావా?"

నస్రీన్ ఫక్కున నవ్వి మళ్లీ కూర్చుంది. చాచా కర్ర ఆనించుకుంటూ మా చాప దగ్గరికి వచ్చాడు. ఇంట్లో నుంచి బాత్రూమ్ దాకా తప్ప నడవని మనిషి అంత దూరం రావడం చూసి ఆయన భార్య, మా చాచీ, గుమ్మంలో నిలబడిపోయింది.

ఆ మధ్యాహ్నం ఆయన నాతో పుస్తకమంతా చదివించాడు. ఒక్కో లైనూ తెలుగులో చెబితే దాన్ని బావిలోకి మార్చుకునేవాడు. కవచానికి ఆరు పాయింట్లు చాలన్నాడు. "గట్టిగుంటె సాలదు బేటీ. ఇనుప గుంజ గట్టిగనే ఉంటది, కాని చెప్పకుంట పోతది. కర్ర గుంజ ఇరిగే ముందట కిర్రుమంటది. మాట్లాడుతదన్నట్టు. అది మాట్లాడితె మనం ఉరకాలె." ప్రాణబలానికి తొమ్మిది పెట్టించాడు, ఒక్క దెబ్బకు పడిపోకూడదని. శత్రువును పట్టి ఆపే 'అడ్డగింపు'కు పది. కత్తి వద్దన్నాడు. కొక్కెమున్న గొడ్డలి తీసుకున్నాడు, భూతం పక్కనుంచి పోబోతే కాలికి తగిలించి లాగడానికి.

"ఇంక అయిదున్నయి చాచా" అన్నాను.

"గుంజ మాట్లాడే ఖానా ఏమన్న ఉన్నదా?"

వెతికితే ఉంది. పుస్తకంలో ఒక మూల 'హెచ్చరిక' అనే గడి. మేమెవరమూ పట్టించుకోనిది. డిఫెండర్ హెచ్చరిస్తే, అతని మాట విన్నవాళ్లు ఆ వంతులో రెండింతల దూరం పరుగెత్తవచ్చు. చాచా ముఖం వెలిగింది. "ఈ బుక్కు రాసినోడు బాయిల జేసిండు" అన్నాడు. అయిదూ అక్కడే పెట్టించాడు. మా తమ్ముడు ఏ పేచీ పెట్టకుండా విలుకాడిగా మారిపోయాడు.

తర్వాతి ఆదివారం చాచా అందరికంటే ముందు చాప మీద ఉన్నాడు, గడ్డం గీసుకుని. గుహలోకి దిగగానే అడిగిన మొదటి ప్రశ్న: "దారి యాడ సన్నగయితది?" రెండు బండల మధ్య ఒక మనిషి పట్టే సందు ఉందన్నాను. అక్కడ నిలబడ్డాడు. భూతం ఆయన్ను చుట్టి వెళ్లబోయింది. కొక్కెం వేశాడు, డబ్బాలో నుంచి పదిహేడు వచ్చింది, కాలు చిక్కింది. నస్రీన్ మంత్రాలు, మా తమ్ముడి బాణాలు ఆయన భుజం మీదుగా పోతూనే ఉన్నాయి. భూతం సగం విరిగింది, కాని చాచా ప్రాణబలమూ తరుగుతోంది. మూడుకు రాగానే ఆయన లైనంతా వినబడేలా అరిచాడు: "ఇంక నాతోని ఆగది. అందరు నడువుండ్రి బయటికి." అందరూ బయటపడ్డారు. ఆయనా చివరికి గుహ వాకిట్లోకి వచ్చాడు.

ఆట అక్కడితో ఆపొచ్చు. నాకున్న వంకర బుద్ధి ఊరుకుంటుందా? "చాచా, నీ గొడ్డలి లోపలనే పడ్డది. రెండడుగులు ఎనక్కి పోతె దొరుకుతది. పోతవా?" అన్నాను.

ఆయన చేయి డబ్బా మీదే ఆగిపోయింది. చాచీ చేటలో బియ్యం చెరగడం ఆపింది. నస్రీన్ చాప వైపు చూస్తూ కూర్చుంది. నేనేదో అనకూడనిది అన్నానని తెలిసింది, ఏమిటో తెలియలేదు.

"బాయిల గిట్లనే అయింది" అన్నాడు చాచా. "గుంజ కిర్రుమన్నది. అందర్ని ఎల్లగొట్టిన. నేను గుడ ఎల్లిన. మా అబ్బా ఇచ్చిన గొడ్డలి లోపల మర్సిన. రెండడుగులే గదా అని ఎనక్కి పోయిన." కాలు నిమురుకున్నాడు. "ఇరవై ఏండ్లు అందరికి నేనే చెప్పిన, బయటవడ్డంక ఎనక్కి పోవద్దని. నేనే పోయిన. ఇప్పుడు మళ్ల దిగి, ఉరకుండ్రిరా అంటె, నా మాట ఎవడింటడు?"

అదీ సంగతి. ఆ వేసవంతా మేము భయం అనుకున్నది సిగ్గు. నాకు ఏడుపొచ్చింది.

నస్రీన్ మెల్లగా అంది: "నేనిన్న గద అబ్బా. నువ్వు నడువుమంటె అందరికన్న ముందుగాల నేనే ఉరికిన. మూడు వారాలు సచ్చినదాన్ని, ఇయ్యాల బతికిన."

చాచా డబ్బా నా వైపు జరిపాడు. "నేను చీటి తియ్యను బేటీ. గొడ్డలి పోతె పోనియ్. నేను బయటనే ఉన్న అని రాసుకో."

బుధవారం ఆయన ఫస్టు షిఫ్టుకు వెళ్లాడు. మధ్యాహ్నం షిఫ్టు దిగే వేళకు నస్రీన్, నేను బావి గేటు బయట నిలబడ్డాం. ముందుగా బయటికొచ్చిన ఆయన గ్యాంగు మనిషి మమ్మల్ని గుర్తుపట్టి, "పొద్దుగాల దిగకముందే చాచా తను చేసిన తప్పు అందరికి చెప్పిండు. అయినా ఎవ్వడు ఆయన మాట దాటలే. చెప్పిన కాడ నిలబడ్డం, రమ్మంటె వచ్చినం" అన్నాడు.

ఆ తర్వాత ఆయన రిటైరయ్యేదాకా అదే పని చేశాడు. ఎంతమందికి నేర్పాడో నాకు లెక్క తెలియదు. నా మటుకు నేను, ఎవరినైనా కాపాడాలంటే ముందు నోరు విప్పాలని ఆయన దగ్గరే నేర్చుకున్నాను. ఆ రుణం పెద్దది.

ఆ బుధవారం, ఆ గ్యాంగు మనిషి ఇంకా గేటు దాకా రాకముందు, ఊచల్లో నుంచి చూస్తే, దూరంగా బావి మొగ దగ్గర చాచా ఒక పక్కకు నిలబడి ఉన్నాడు. వెలుగులోకి వస్తున్న ఒక్కొక్కరి భుజం తట్టి పైకే లెక్కపెడుతున్నాడు, ఏక్, దో, తీన్ అంటూ. ఆ గొంతు మా దాకా వినబడుతోంది. ఏడో మనిషి దాటిపోయాక వెనక ఎవరూ లేరు. ఆయన తన ఛాతీ మీద చేయి వేసుకుని, "ఆఠ్" అన్నాడు.