సైరన్ మోగగానే లేచే మనిషి

మా పక్కింటి కాక పోయాడని నాకు తెలిసేటప్పటికి మొదటి షిఫ్టు సైరన్ ఇంకా మోగుతూనే ఉంది. గోడ అవతలి నుంచి ఆయన భార్య, మా చిన్నమ్మ, పిలిచింది. "మీ కాక లేస్తలేడు బిడ్డా," అంది. అంతే అంది. బతుకంతా బొగ్గుబాయిలో పని చేసి, రిటైరైన తర్వాత కూడా సైరన్ మోగగానే లేచి కూర్చునే మనిషి లేవలేదంటే ఇక అడగాల్సిందేముంది? పొయ్యి మీది అన్నం దించి పరుగెత్తాను.

కాక మాకు చుట్టం కాడు. గోదావరిఖనిలో మా క్వార్టరుకూ వాళ్ల క్వార్టరుకూ మధ్య గోడ ఒక్కటే. మా నాన్నా ఆయనా ఒకే బాయిలో దిగినవాళ్లు. నాన్న పోయాక 'కాక' అన్న పిలుపు ఇంకాస్త గట్టిపడింది. మా ఆయనదీ బాయిలోనే పని, నేను ఇంట్లో మిషన్ పెట్టుకొని జాకెట్లు కుడతాను. నా మిషన్ చప్పుడు ఆగితే "ఏంది బిడ్డా, పానం మంచిగలేదా?" అని ఆయన గోడ అవతలి నుంచే అడిగేవాడు. ఆయన దగ్గు ఎక్కువైతే నేనూ అట్లాగే అడిగేదాన్ని.

ఎవరింటికి వెళ్లినా ముందు పైకప్పు చూసేవాడు. బాయిలో పని మొదలుపెట్టే ముందు కర్రతో పైన తట్టి వినాలట. గట్టిగా పలికితే కూర్చోవచ్చు, డొల్లగా పలికితే పక్కకు జరగాలి. మా తమ్ముడు బసంత్‌నగర్‌లో కొత్త ఇల్లు కట్టుకున్నప్పుడు చుట్టాలందరూ గోడల రంగు మెచ్చుకుంటుంటే, ఈయన చేతికర్ర పైకెత్తి స్లాబును తట్టాడు. చెవి పెట్టి విన్నాడు. "మంచిగనే ఉంది, ఇగ అన్నం పెట్టుండ్రి," అన్నాడు. మా మరదలి మొహం అప్పుడు చూడాలి!

రిటైరయ్యాక ఆయనకు గోదావరి ఒడ్డే డ్యూటీ అయింది. అక్కడ వాడకం ఆగిపోయిన పాత పంపుహౌస్ ఒకటి ఉంది. నీళ్లలోకి చొచ్చుకుపోయిన సిమెంటు దిమ్మె, దాని కింద స్తంభాలు, ఆ స్తంభాల చుట్టూ నల్లటి నీడ. వెదురు కర్ర, తంగూసు దారం, గాలం, ఒక బెండు ముక్క, చేపలు పట్టడానికి ఇంతే ఆయన సరంజామా. తెప్ప లేదు, కావాలని కూడా అనుకోలేదు. "తెప్పల ఉన్నోడు ఒడ్డు దిక్కు విసురుతడు, ఒడ్డు మీదున్నోడు నడుమకు విసురుతడు. మట్టేమో మన కాళ్ల కిందనే ఉంటది," అని నవ్వేవాడు. మట్ట అంటే కొర్రమట్ట, కొరమీను. ఎండ ముదిరితే అది నీడ వెతుక్కుంటుంది. ఆయన దూరం విసిరేవాడే కాదు. స్తంభాన్ని ఆనుకొని దారాన్ని నిలువుగా దించి, ఊరుకునేవాడు.

ఆ ఊరుకోవడం చూసి తీరాలి. ఆయనకు ఊపిరి కష్టమైన తర్వాత చిన్నమ్మ నన్ను తోడు పంపేది. నేను చేతికుట్టు పని పట్టుకొని పక్కన కూర్చునేదాన్ని. ఎండలో అవతలి ఒడ్డు నీళ్ల మీద తేలుతున్నట్టు కదిలేది. దూరంగా పవర్‌హౌస్ పొగగొట్టాలు కరిగిపోయి, మళ్లీ నిలబడేవి. సూది ఎప్పుడు ఆగిందో నాకే తెలిసేది కాదు. మేమిద్దరం నిద్రలో ఉన్నామో మెలకువగా ఉన్నామో చెప్పలేని వేళ, ఏదో ఒక స్తంభం దగ్గర నీళ్లు 'గుబుక్' మనేవి. "సూడు బిడ్డా, గాలి తాగనీకి వచ్చింది. అది గూడ నా లెక్కనే. ఎంత లోపలున్నా ఊపిరి కోసం పైకి రావాలె," అనేవాడు.

ఒకప్పుడు చిన్నమ్మకు ఆపరేషన్ అయి, దవాఖాన నుంచి వచ్చాక నోరు చచ్చిపోయింది. ఏది పెట్టినా పక్కకు నెట్టేది. అప్పుడు కాక ఆ దిమ్మె మీది నుంచి మోచేతి పొడవు మట్టను పట్టుకొచ్చాడు. పులుసు నేనే పెట్టాను. ఆమె గిన్నె నాకినంత పని చేసింది. అప్పటినుంచి ఆ ఇంట్లో ఎవరికి బాగాలేకున్నా మందు అదే.

కానీ అన్నింటికన్నా పెద్ద మట్ట చివరి స్తంభం నీడలో ఉండేది. అది పైకి వచ్చి గాలి తాగినప్పుడు నేనూ చూశాను, తల నా పిడికిలికన్నా పెద్దది. ఒకరోజు బెండు మెల్లగా మునిగింది. కాక చెయ్యి ఎత్తి నన్ను ఆగమన్నాడు. మట్ట ఎరను ముందు నోట్లో పెట్టుకుంటుంది, మింగేదాకా ఆగాలి. దారం నీడలోకి జారుతోంది. సరిగ్గా అప్పుడే ఊళ్లో సైరన్ మోగింది. కాక కర్రతో సహా లేచి నిలబడి చెప్పుల కోసం కాలితో వెతికాడు. దారం వదులై తేలింది.

"ఏంది కాక, డ్యూటీకి పోతున్నవా?" అన్నాను.

ఆయన తన కాళ్ల వైపు చూసుకున్నాడు. "రిటైరైనమని వీటికి ఎవలు చెప్పాలె బిడ్డా?"

చిన్నమ్మకు చెబితే కడుపు పట్టుకొని నవ్వింది. ఆ తర్వాత కూడా ఆ పెద్దది ఆయనకు దొరకలేదు. దొరకలేదన్న బాధ కూడా ఆయనలో నాకు కనిపించలేదు.

కర్మలు అయిపోయి, చుట్టాలు వెళ్లిపోయాక అసలు కష్టం మొదలైంది. చిన్నమ్మ తినడం మానేసింది. పొద్దున నేనిచ్చిన గిన్నె సాయంత్రం మూత తియ్యకుండా ఉండేది. "ఆకలైతలేదు బిడ్డా" అన్న మాట తప్ప ఇంకో మాట లేదు. మనిషి మంచానికి అంటుకుపోతుంటే నాకు భయమైంది. నాన్న పోయాడు, కాక పోయాడు, ఈమె కూడా పోతే గోడ అవతల నాకెవరున్నారు? ఒక మధ్యాహ్నం ఆయన వెదురు కర్ర తీసుకొని ఒక్కదాన్నే పంపుహౌస్ దిమ్మె మీదికి వెళ్లాను.

చివరి స్తంభం పక్కనే దారం నిలువుగా దించాను. ఎండ, నీళ్లు, కరిగే పొగగొట్టాలు, అన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. ఆయన దగ్గు ఒక్కటే లేదు. చాలాసేపటికి బెండు మునిగింది. దారం నీడలోకి జారడం మొదలైంది. ఆగాలె బిడ్డా, ఆగాలె అని నాకు నేనే చెప్పుకున్నాను. సైరన్ మోగింది.

లేచి నిలబడ్డాను. మా ఆయన డ్యూటీ దిగే వేళ, అన్నం పెట్టాలి కదా! కర్ర చేతిలోనే ఉంది. దారం వదులై తేలింది. అక్కడే కూలబడి ఏడ్చాను.

ఇంటికొచ్చి చిన్నమ్మ మంచం పక్కన కూర్చొని ఉన్నదున్నట్టు చెప్పాను. ఆమె మోచేతి మీద లేచి నావైపు తిరిగింది.

"సైరన్ మోగితే నువ్వు గూడ లేచినవా?"

"లేచిన చిన్నమ్మా."

ముందు పెదవులు కదిలాయి. తర్వాత కొంగు నోటికి అడ్డం పెట్టుకొని నవ్వింది, నవ్వుతూనే ఏడ్చింది. కళ్లు తుడుచుకొని, "ఇంట్ల ఏమన్న ఉన్నదా? కడుపుల మండుతుంది," అంది. పచ్చిపులుసూ అన్నమూ తెచ్చి పెడితే మారు అడిగి తిన్నది. చెయ్యి కడుక్కుంటూ అన్నది: "రేపు నేను గూడ వస్త. సైరన్ మోగితే నిన్ను లేవనియ్య. నీ కొంగు పట్టుకుంట."

అన్నట్టే మర్నాడు వచ్చింది. ఆయన కూర్చునే చోట కూర్చొని నా కొంగు పిడికిట్లో బిగించింది. ఇద్దరం నీడను చూస్తూ ఉండిపోయాం. సైరన్ మోగింది. నేను కదల్లేదు. లేవబోయింది ఆమే. ఒకప్పుడు కాక డ్యూటీ దిగి ఇంటికొచ్చే వేళ కదా అది! నేను ఆమె చెయ్యి పట్టుకొని మెల్లగా కూర్చోబెట్టాను. చివరి స్తంభం దగ్గర నీళ్లు విచ్చుకున్నాయి. ఆ పెద్దది పైకొచ్చి, ఒక్క గుటక గాలి తాగి, మళ్లీ నీడలోకి దిగిపోయింది.