కొత్త మిద్దెకు పాడు కొట్టం

గృహప్రవేశానికి పిలిస్తే వెళ్ళి, భోజనాలకు ముందే ఇంటిల్లిపాదితో "శివ శివా" అనిపించినవాణ్ణి మా కర్నూలులో నేనొక్కణ్ణే. పిడుగు నయం, పడేముందు ఓసారి ఉరుముతుంది. నేను ఇస్త్రీ చొక్కా వేసుకుని, నవ్వుతూ పడ్డాను.

కర్నూలు రాజధాని అయిన రోజులవి. ఊరినిండా గుడారాలు, గుడారాలనిండా గుమాస్తాలు. అద్దెకు వాకిలి అరుగు కూడా దొరకని కాలం కనుక, స్తోమత ఉన్న ప్రతివాడూ కొత్త ఇల్లు కట్టడం మొదలుపెట్టాడు. నేనొక్కణ్ణే పాత ఇళ్ళు కట్టేవాణ్ణి. కంగారుపడకండి. నా ఇళ్ళు పీట మీద పట్టేవి. వదిలేసిన కొయ్య కట్టడం ఎక్కడ కనిపించినా కొలతలు తీసుకుని, అడుగుకు అరంగుళం లెక్కన దాని నమూనా చెయ్యడం నా పిచ్చి. బాగున్న ఇంటిని ఎవడైనా చేస్తాడు, ఒరిగిన స్తంభాన్ని ఒరిగినట్టే నిలబెట్టడంలో ఉంది పనితనమని నా సిద్ధాంతం. పెళ్ళయి, ఉద్యోగం లేని మనిషి దగ్గర సిద్ధాంతాలకు కొదవ ఉండదు.

ఆ ఏడు నా మనసు దోచినది కడప కాలువ గట్టు మీది కొట్టం. కాలువలో పడవలు తిరిగిన కాలంలో కట్టారట. పడవలు ఆగిపోయాక దాన్ని పట్టించుకున్నది నేనూ, గబ్బిలాలూ. దాని నమూనాకు కావలసిన కొత్త చెక్కను ముసలి చెక్కగా మార్చడానికి ఒక కిటుకు కనిపెట్టాను. తుప్పు మేకుల్ని పులిసిన మజ్జిగలో నానబెట్టి, ఆ నీళ్ళు పూసి ఎండబెడితే చెక్క బూడిదరంగుకు తిరిగి, తాతలనాటి వాసంలా తయారవుతుంది.

"నిన్నటి మజ్జిగ యాడ?" అని మా ఆవిడ సుబ్బమ్మ అడిగింది.

"మేకులకు పోసినా."

"నేను మజ్జిగ పులుసు పెడదామనుకుంటే, మీరు మేకులకు తాపుతాండారా? పోనీ, మేకులన్నా అరిగించుకుంటాండాయా?"

నేను నిజంగానే గిన్నె మూత తీసి, మేకులు ఎంతవరకు అరిగించుకున్నాయో తొంగిచూశాను.

ముక్కచెక్కల కోసం నేను నాగిరెడ్డి గారి కలప డిపోకు వెళుతుండేవాణ్ణి. ఒకనాడు ఆయనే పిలిచాడు.

"ఏమప్పా, బొమ్మిండ్లు చేస్తాండావంట?"

"ఏదో, రెడ్డిగారూ."

"కల్లూరులో మా కొత్త మిద్దెకు గృహప్రవేశం ఉండాది. నీ చేత్తో చేసిన ఇల్లొకటి తీస్కరా, నడిమింట్లో పెడతా. పదిమంది చూసి మెచ్చుకుంటే, మా డిపోలో ప్లాన్లు గీసే పని నీదే."

నేను గాలిలో తేలుతూ ఇంటికొచ్చి చెప్పాను. సుబ్బమ్మ కూడా కాసేపు తేలింది. అంతలో కొట్టం వంక చూసి కిందికి దిగింది.

"ఇదేనా తీసకపోయేది? కొత్తింటికి పాడుకొంప ఎవరన్నా తీసకపోతారా? బుద్ధిగా ఇత్తడి చెంబు తీసకపోండి."

"చెంబు చూసి ఉద్యోగమిస్తారా?"

"ఇది చూస్తే ఇచ్చేది కూడా ఇయ్యరు!"

ఆమె మాట వినకపోగా, కొట్టం నిజంగా పాడుబడినట్టు అనిపించడానికి చివరి మెరుగు ఒకటి దిద్దాను. అదేమిటో తర్వాత చెబుతాను. ఇప్పుడే చెబితే మీరు లేచిపోతారు.

ఆ రోజు నేను వెళ్ళేసరికి ఆవును తిప్పారు, పాలు పొంగించారు. బంధువులందరూ ద్వారబంధాల చెక్కడాన్ని మెచ్చుకుంటున్నారు. నాగిరెడ్డి గారు చప్పట్లు కొట్టి అందరినీ నడిమింట్లోకి పిలిచాడు. నేను నా పెళ్ళి పంచెతో కప్పిన నమూనాను పీట మీద పెట్టి, పంచె తీశాను.

మేళగాడి సన్నాయి మధ్యలోనే ఆగిపోయింది.

"ఏమిదప్పా?" అన్నాడు నాగిరెడ్డి.

"కొట్టం, రెడ్డిగారూ."

"కొట్టమే గానీ, కూలిపోయిందే! దోవలో పడేసినావా?"

"లేదు. అట్లే చేసినా."

"కూల్చి చేసినావా, చేసి కూల్చినావా?"

అక్కడ నోరు మూసుకుని ఉంటే ఈ కథ ఇంత దూరం వచ్చేది కాదు. మెచ్చుకోళ్ళు ఆలస్యమవుతున్నాయంటే నా పనితనం వారికి అర్థం కాలేదనుకున్నాను. "ఈ వాసం చూడండి, చెద తిన్నట్టు ఎట్ల తొలిచినానో!" అన్నాను. కలప వ్యాపారి కొత్తింట్లో, పాలు పొంగిన పూట, చెద పేరెత్తిన మొదటి అతిథిని నేనే. పురోహితుడు చెవులు మూసుకున్నాడు. నేను ఆగలేదు. "అసలు పనితనం చూరు కింద ఉండాది. వంగి చూడండి. దూదితో గుడ్లగూబను కూడా పెట్టినా!"

గూబ దూరిన ఇల్లు వదిలి పోవాలంటారు మా వైపు. అలాంటిది, గూబను పంచె కప్పి, మేళతాళాల మధ్య నడిమింట్లోకి మోసుకొచ్చాను.

ఆడవాళ్ళు "శివ శివా" అన్నారు. పురోహితుడు మళ్ళీ పుణ్యాహవాచనం అందుకున్నాడు. నాగిరెడ్డి గారు నా చొక్కా పట్టుకోబోతుండగా, ఆయన తల్లి ఓబుళమ్మవ్వ కర్ర తాటించింది.

"ఉండ్రా నాగీ! వచ్చినోళ్ళంతా పొద్దున్నుంచి యాడ చూస్తాండ్రి?"

"మన మిద్దెనే."

"ఇప్పుడు యాడ చూస్తాండారు?"

నాగిరెడ్డి చుట్టూ చూశాడు. అన్ని కళ్ళూ నా కొట్టం మీదే ఉన్నాయి.

"అదీ! నీ మిద్దెకు తగిలే దిష్టంతా ఇది లాగేస్తాంది. శానా బాగుండాది. దీన్ని తీసకపోయి మిద్దె మీద కట్టండి."

కట్టారు. నెలల తరబడి మజ్జిగ తాగించి పెంచిన నా కొట్టానికి సున్నపు బొట్లు పెట్టి, మిరపకాయల దండ వేసి, పిట్టగోడ మీద బూడిద గుమ్మడికాయకూ పాత చెప్పుకూ నడుమ వేలాడదీశారు. ఉద్యోగం సంగతి నసిగితే నాగిరెడ్డి గారు చేతులు జోడించాడు.

"నువ్వు ప్లాను గీస్తే ఇల్లు కట్టకముందే కూలుతాది. ఇంటికి పో, నాయనా."

గడపలోనే సుబ్బమ్మ అడిగింది. "నడిమింట్లో పెట్టినారా?"

"అంతకన్నా పైన పెట్టినారు," అన్నాను.

ఒక ఎండాకాలం, ఒక వానాకాలం గడిచాక నాగిరెడ్డి గారి నుంచి కబురొచ్చింది. వెళ్తే మిద్దె మీదికి తీసుకెళ్ళాడు.

"ఏమప్పా, నీ పాడుకొంప పాడయిపోయింది. రిపేరు చెయ్."

చూశాను. నేను మేకుల నీళ్ళతో చెయ్యలేని పని కర్నూలు ఎండ ఉచితంగా చేసిపెట్టింది. స్తంభాలు నా అనుమతి లేకుండా ఒరిగాయి. గూబలోని దూదిని పిచ్చుక తన గూటికి తీసుకుపోయింది. ఇంత సహజమైన శిథిలాన్ని నేను జన్మలో చెయ్యలేను.

"బ్రహ్మాండంగా ఉండాది, రెడ్డిగారూ! ఇట్లే ఉండనీండి."

"నీకేం, అట్లే అంటావు! మా యమ్మ ఒప్పుకోదు. ముందు ఎట్ల పాడుగా ఉండిందో అట్ల పాడుగా చెయ్. బాగు చేసేవు, జాగర్త! సరిగ్గా చేస్తే రేపటినుంచి డిపోకు రా. ఇండ్లు కట్టేవాళ్ళు వచ్చి, మాకూ ఇట్లాంటిదొకటి కావాలని పానం తీస్తాండారు."

అలా, ప్లాన్లు గీయబోయినవాణ్ణి దిష్టికొట్టాల మేస్త్రీనయ్యాను. ఆ మిద్దె మీదే తూర్పుకు తిరిగి, గుమ్మడికాయ సాక్షిగా ఒట్టు పెట్టుకున్నాను. ఇకమీదట ఎవరి గృహప్రవేశానికైనా ఇత్తడి చెంబు తప్ప మరొకటి పట్టుకుపోను. ఆ ఒట్టు నేటికీ తప్పలేదు. కాకపోతే, నేను చెంబు పట్టుకుని బయల్దేరిన ప్రతిసారీ సుబ్బమ్మ గడపలో ఆపి, అందులో గూబ లేదు కదా అని తొంగిచూసి మరీ పంపుతుంది.